ఎల్‌ఎం317 రెగ్యులేటర్: కంపెనీ పేరు పోయినా నిలిచిన ఐసీ

విజయవాడ గవర్నర్‌పేటలోని ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో, వోల్టేజీని కావలసిన స్థాయిలో స్థిరంగా ఉంచే ఎల్‌ఎం317 రెగ్యులేటర్ అడిగితే, కౌంటరు దగ్గరి కుర్రవాడు ముందుగా "ఒరిజినల్ ఇమ్మంటారా అండీ, మామూలుదా?" అని అడిగాడు. ఒరిజినల్ ధర రెండు మూడు రెట్లు ఎక్కువే అయినా నేను అదే తీసుకున్నాను. చేతికి వచ్చింది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి మూడు కాళ్ల నల్లని ఐసీ. దాని ముఖం మీద టెక్సాస్ రాష్ట్ర పటం ఆకారంలో ఆ సంస్థ గుర్తు చెక్కి ఉంది గానీ, పేరుకు ముందున్న 'ఎల్‌ఎం' మాత్రం నేషనల్ సెమికండక్టర్ అనే మరో కంపెనీ వాడుకలోకి తెచ్చినది.

నేషనల్‌ను 1959లో అమెరికాలోని డాన్‌బరీలో, స్పెర్రీ రాండ్ సంస్థ నుంచి బయటికి వచ్చిన ఇంజనీర్లు స్థాపించారు. 1967లో ఫెయిర్‌చైల్డ్ నుంచి వచ్చిన చార్లెస్ స్పోర్క్ పగ్గాలు చేపట్టాక, అది కాలిఫోర్నియాలోని శాంటాక్లారాకు మారి, అనలాగ్ ఐసీలలో గొప్ప పేరు తెచ్చుకుంది. అక్కడ బాబ్ విడ్లార్ రూపొందించిన ఎల్‌ఎం109 స్థిరంగా 5 వోల్టులే ఇచ్చేది. 1970ల్లో బాబ్ డాబ్‌కిన్ చేసిన ఎల్‌ఎం317 వచ్చాక, రెండు రెసిస్టర్ల విలువలు మార్చుకుంటే చాలు, 1.25 నుంచి 37 వోల్టుల వరకు కావలసినంత పెట్టుకునే వీలు కలిగింది. 2011లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ దాదాపు 650 కోట్ల డాలర్లకు నేషనల్‌ను కొనేయడంతో ఆ పేరు మార్కెట్లో లేకుండా పోయింది. అయినా ఐసీ అదే నంబరుతో, అదే కాళ్ల వరుసతో నేటికీ తయారవుతోంది. ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్, ఆన్ సెమికండక్టర్ వంటి సంస్థలూ దీన్ని చేస్తున్నాయి. గుంటూరులో యాంప్లిఫయర్లు బాగుచేసే మా బాబాయి, ఎప్పటిదో పాత బోర్డులో కాలిపోయిన రెగ్యులేటర్ తీసి కొత్తది అతికించగలుగుతున్నారంటే కారణం ఇదే. నా దృష్టిలో ఈ ఐసీ అసలు గొప్పతనం కూడా ఇదే.

ఇక పనితీరు. 12 వోల్టుల అడాప్టరు పెట్టి, 120, 360 ఓముల రెసిస్టర్లతో 5 వోల్టులకు సర్ది, అర ఆంపియరు కరెంటు లాగే లోడు ఇచ్చాను. మీటరులో 5.04 చూపింది, చాలాసేపు ఉంచినా కదలలేదు. ప్రాజెక్టు పుస్తకాలు మొదటి రెసిస్టరుకు 240 ఓములు వేయమంటాయి. అయితే ఈ ఐసీ సరిగా పనిచేయడానికి 10 మిల్లీ ఆంపియర్ల దాకా కనీస లోడు అవసరం కావచ్చని తయారీదారు ఇచ్చే డేటాషీటు చెబుతుంది కాబట్టి, లోడు తీసేసినప్పుడు వోల్టేజీ పైకి పోకుండా ఉండాలంటే 120 వేయడమే క్షేమం.

లోపం వేడి. మిగిలిన 7 వోల్టులూ అర ఆంపియరు వద్ద మూడున్నర వాట్ల వేడిగా మారతాయి, విజయవాడ మే నెల ఎండల్లో హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) లేకుండా దీన్ని నడపడం తగదు. లోపల వేడికి ఆగిపోయే రక్షణ ఉంది కనుక ఐసీ వెంటనే కాలిపోదు గానీ, పరికరం మధ్యమధ్య ఆగిపోతూ, తప్పు ఎక్కడుందో తెలియని విద్యార్థి చేత గంటల తరబడి వెతికిస్తుంది. ఐసీ వెనుక రేకు అవుట్‌పుట్‌కే కలిసి ఉంటుంది కాబట్టి, హీట్‌సింక్‌కూ దానికీ మధ్య విద్యుత్తు పారనివ్వని మైకా పొర వేయడం మరచిపోకూడదు. కాళ్ల వరుస కూడా స్థిరంగా 5 వోల్టులే ఇచ్చే 7805 రెగ్యులేటర్‌కు భిన్నం, దాని స్థానంలో దీన్ని నేరుగా పెట్టరాదు.

అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు పంపిన చౌక రకం అర ఆంపియరుకే వోల్టేజీ జార్చింది. థిన్నరులో తడిపిన దూదితో రుద్దగానే పైనున్న అక్షరాలు చెరిగిపోయాయి. అందుకే ఆ కుర్రవాడి ప్రశ్నకు ఒరిజినలే అని చెప్పండి. ఒక ఆంపియరు దాటే పనులకు, బ్యాటరీతో నడిచే వాటికి మాత్రం ఇది వద్దు, తక్కువ వేడితో వోల్టేజీ తగ్గించే బక్ కన్వర్టర్ మాడ్యూల్ కొనుక్కోండి. బల్ల మీద ప్రయోగాలకు, పాత సెట్ల మరమ్మతులకు దీన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు.