కారవాన్‌కు యాక్సిలరేటర్ మాడ్యూల్: రెండున్నరేళ్లు, 31 వేల కిలోమీటర్లు వాడిన తర్వాత

మా కారవాన్‌ను పొడవాటి ట్రావెలర్ వ్యాన్ ఛాసిస్ మీద కట్టించుకున్నాం. 2.6 లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్, చేత్తో మార్చే ఐదు గేర్లు. మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, రెండు బ్యాటరీలు, పైన ఏసీ, లోపల ఐదుగురు మనుషులతో నల్లగొండలో కాంటా వేయిస్తే 4,310 కిలోలు తూగింది. ఇంత బరువున్న బండి తొక్కగానే దూకాలని నేనేమీ ఆశించలేదు. కానీ విజయవాడ రహదారి మీద కొర్లపహాడ్ టోల్‌గేటు దాటి మళ్లీ వేగం అందుకునేటప్పుడు, యాక్సిలరేటర్ పెడల్ సగం దాకా తొక్కినా బండి కదలాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉండేది. ఆ చికాకుతోనే 14 వేలు పెట్టి, ఆ పెడల్ వైరింగ్‌కు తగిలించే ఈ మాడ్యూల్ కొన్నాను. బిగించిన మెకానిక్ మాత్రం డబ్బు చేతిలో పడకముందే ఉన్నమాట చెప్పాడు: "సార్, గిది తాకత్ పెంచదు, మీ కాలుకు పని తగ్గిస్తది, గంతే." నేను విని కూడా కొన్నాను.

అతని మాట ఎందుకు నిజమో తెలియాలంటే పెడల్ చేసే పని తెలియాలి. ఇప్పటి డీజిల్ బండ్లలో పెడల్‌కూ ఇంజిన్‌కూ మధ్య కేబుల్ ఉండదు. పెడల్‌తో పాటు ఉండే సెన్సార్ రెండు వేర్వేరు వోల్టేజీలను పంపుతుంది; చాలా బండ్లలో ఒకటి రెండోదానిలో సగం ఉంటుంది. ఇంజిన్ కంప్యూటర్ ఆ రెంటినీ సరిపోల్చుకొని, పొంతన కుదిరితేనే డ్రైవర్ ఎంత బలం అడుగుతున్నాడో లెక్కగట్టి, ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో నుంచి గాలి ఎంత వస్తోందో చూసుకొని, పొగ రాకుండా ఎంత డీజిల్ చల్లవచ్చో అంతే చల్లుతుంది. మాడ్యూల్ అనేది ఈ సెన్సార్‌కూ వైరింగ్‌కూ మధ్య దూర్చే చిన్న డబ్బా. కాలు 20 శాతం తొక్కితే అది 35 శాతం తొక్కినట్టు కంప్యూటర్‌కు చెబుతుంది. కాలు పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం చెప్పడానికి దాని దగ్గర కొత్త అబద్ధమేమీ ఉండదు. టర్బో గాలి అందుకోవడానికి పట్టే సమయం, పొగను అడ్డుకునే పరిమితి రెండూ కంప్యూటర్ అవతల ఉన్నాయి కనుక వాటి జోలికి ఈ డబ్బా పోలేదు. ఇంజెక్షన్ లెక్కలనే మార్చి బలం పెంచే ట్యూనింగ్ పూర్తిగా వేరే సంగతి. రెంటినీ ఒకటే అనుకొని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు.

కొన్న నెల రోజులకు ఒక తెల్లవారుజామున నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద, మిర్యాలగూడ వైపు, బండ్లు లేని చదునైన చోట పరీక్షించాం. మా బావమరిది ఫోన్‌లో సమయం చూశాడు. పెడల్‌ను పూర్తిగా తొక్కి నిలిచిన చోటు నుంచి 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మాడ్యూల్‌తో 22 సెకన్లు, మాడ్యూల్ ఆపేస్తే 22 సెకన్లు. మూడేసి సార్లు చూసినా అర సెకను మించి తేడా రాలేదు. తర్వాత అలమారలు చేయించగా మిగిలిన ప్లైవుడ్ ముక్కను పెడల్ కింద టేపుతో అంటించి, కాలు సగానికి మించి దిగకుండా చేశాం. అప్పుడు మాడ్యూల్ లేకుండా 34 సెకన్లు, మాడ్యూల్‌తో 26 సెకన్లు పట్టింది. ఈ డబ్బా అమ్మేది ఆ ఎనిమిది సెకన్లనే. చెక్క ముక్క తీసేసి కాలు మరికాస్త నొక్కితే అవి మొదటి నుంచీ నావే.

విదేశీ మోటార్‌హోమ్ యజమానులు దీన్ని మెచ్చుకోవడం చూసి నేను మొదట మోసపోయాననే చెప్పాలి. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్ల బండ్లు వేరు. నేను చూసిన వాళ్ల బండ్లలో ఆటోమేటిక్ గేర్లున్నవే ఎక్కువ. గేరు ఎప్పుడు దించాలన్నది గేర్‌బాక్స్ కంప్యూటర్ ఈ పెడల్ సంకేతాన్ని చూసే నిర్ణయిస్తుంది కనుక, మాడ్యూల్ అబద్ధం విని అది ముందుగానే కింది గేరుకు దిగుతుంది, ఇంజిన్ తిరుగుడు పెరుగుతుంది, బండికి ప్రాణం వచ్చినట్టు అనిపిస్తుంది. మన బండిలో గేరు మార్చేది ఎడమ చెయ్యి. దానికి ఏ డబ్బా సంకేతమూ అందదు. శ్రీశైలం నుంచి తిరిగి వచ్చేటప్పుడు డ్యాం దగ్గర వంతెన దాటి ఈగలపెంట వైపు ఎక్కే మలుపుల్లో, పెడల్ ఎలాగూ అడుగంటే ఉంటుంది కాబట్టి, మాడ్యూల్ ఉన్నదీ లేనిదీ నాకు ఒక్కసారి కూడా తేడా తెలియలేదు. అక్కడ పనికొచ్చింది మలుపులోకి వెళ్లకముందే రెండో గేరు వేసుకోవడం ఒక్కటే.

నాకు అసలు ఇబ్బంది పెట్టింది చదును రోడ్డు కాదు, కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా డిండి వెళ్లే దారిలో ఊరూరా ఉండే స్పీడ్‌బ్రేకర్లు. మాడ్యూల్‌ను వేగవంతమైన సెట్టింగులో పెట్టినప్పుడు గతుకులో బండి ఎగిరితే కాలు ఎగిరేది, కాలు ఎగిరితే ఇంజిన్ ఉలిక్కిపడేది, ఆ ఉలికిపాటుకు బండి మళ్లీ ఊగేది. వెనక ట్యాంకులో నీళ్లు ఒక దిక్కుకు పోయి తిరిగి వచ్చి కొట్టుకోవడం సీటులో కూర్చుంటే తెలిసేది. స్టీలు గిన్నెల చప్పుడుకు మా ఆవిడ "బండి నడుపుతున్నరా, చాట చెరుగుతున్నరా?" అని అడిగింది. క్లచ్ వదిలే చోట కూడా అంచనా తప్పి, మొదటి గేరులో ఇంజిన్ ఊరికే గర్జించి క్లచ్ కాలిన వాసన రెండుసార్లు వచ్చింది. అప్పుడే, పెట్టెలోంచి తీసినప్పటి నుంచీ ముట్టని మెత్తటి సెట్టింగుకు మార్చి చూశాను. అందులో మాడ్యూల్ పని తిరగబడుతుంది: 20 శాతం తొక్కితే 12 శాతమే చెబుతుంది. కాలు కాస్త వణికినా ఇంజిన్ పట్టించుకోదు. గతుకుల మీద, బురదలో, కారవాన్‌ను ఇరుకు సందులోంచి వెనక్కి తీసేటప్పుడు అంత సుఖంగా ఈ బండి అంతకుముందు ఎన్నడూ నడవలేదు. త్వరగా కదలడం కోసం కొన్న వస్తువు నిదానంగా కదలడానికి పనికొచ్చింది.

మైలేజీ సంగతి క్లుప్తంగా చెబుతాను. ట్యాంకు నింపి మళ్లీ ట్యాంకు నింపే లెక్కన ముందు లీటరుకు 9.2 కిలోమీటర్లు, వేగవంతమైన సెట్టింగులో 8.8, మెత్తటి సెట్టింగులో 9.2. ఆ తేడా డబ్బాది కాదు, నా కాలిది.

ఒక్కసారి మాత్రం ఇది నన్ను నిజంగా భయపెట్టింది. శ్రీశైలం నుంచి మన్ననూరు వైపు వస్తున్నాం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అమ్రాబాద్ అడవిలోంచి వాహనాలను పోనివ్వరు. తొమ్మిదిలోపు చెక్‌పోస్టు దాటాలి. వటవర్లపల్లి దాటగానే ఇంజిన్ దీపం వెలిగి, పెడల్ ఎంత తొక్కినా బండి పాకుతున్నట్టు నడిచింది. స్కానర్ పెట్టి చూస్తే పి 2138 అనే లోపం కోడ్, అంటే పెడల్ నుంచి వచ్చే రెండు వోల్టేజీలకు పొంతన లేదని. టార్చి వేసి చూస్తే మాడ్యూల్ కనెక్టర్ సగం ఊడి వేలాడుతోంది. బిగించినప్పుడు వైరును క్లిప్పుతో కట్టకపోవడంతో అది నా బూటుకు తగులుతూ వచ్చింది. ఇంజిన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, కంప్యూటర్ నిద్రపోయే దాకా పది నిమిషాలు ఆగి, డబ్బాను పీకేసి అసలు కనెక్టర్‌ను నేరుగా కలిపితే బండి మామూలైంది. ఎనిమిదీ నలభైకి గేటు దాటాం. కొనేవాళ్లు దాన్ని విప్పడం ఇంటి దగ్గరే ఒకసారి సాధన చేసుకోవాలి, వైరును తప్పనిసరిగా కట్టించుకోవాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా కనెక్టర్ ఊడదీస్తే మంచి బండికి కూడా లేని జబ్బు కోడ్ వస్తుంది. వారంటీ మిగిలి ఉన్నవారు సర్వీస్ సెంటర్‌లో ముందే అడగడం మంచిది.

ఆ ప్రయాణం తర్వాత బండిని పూర్తిగా చూపించినప్పుడు, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే భాగానికి) పోయే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర నూనె తడి కనిపించింది. పైపు పగిలి గాలి కారుతోంది. పైపు, క్లిప్పులు, కూలి కలిపి 2,600 రూపాయలు. దాన్ని మార్చిన మర్నాడే కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర నన్ను ఇన్నాళ్లు చికాకు పెట్టిన మందగింపు చాలావరకు పోయింది. గడియారం పెడితే 22 సెకన్లు 19 అయ్యాయి. 14 వేల కంటే ముందు ఈ 2,600 ఖర్చు పెట్టి ఉంటే మాడ్యూల్ కొనేవాణ్ని కానేమో. నీళ్ల ట్యాంకును బయలుదేరే చోట సగమే నింపి, మిగతాది చేరే చోట నింపుకోవడం కూడా అప్పుడే మొదలుపెట్టాం. ఒక్కో లీటరు ఒక్కో కిలో కదా.

కనుక బరువు బండి ఎక్కుడులో మూలుగుతోందని దీన్ని కొనవద్దనే చెబుతాను. గతుకుల దారుల్లో ఎక్కువగా తిరిగేవారు, పెడల్ మీద కాలు వణికే పెద్దవారు మాత్రం మెత్తటి సెట్టింగు ఉన్న రకం చూసి, పైపులూ ఎయిర్ ఫిల్టరూ సరిచూపించుకున్నాక కొనవచ్చు. నా బండిలో అది ఇప్పటికీ ఉంది, స్టీరింగ్ కింద రెండు క్లిప్పులతో కట్టేసి. దాని మిగతా బొత్తాలు నొక్కి ఏడాది దాటింది.