23 బైట్లలో నెల్లూరు పట్టదు: రస్ట్ స్మోల్‌స్టర్ క్రేట్‌పై సమీక్ష

ఒకసారి తయారయ్యాక మళ్లీ మారని టెక్స్టును లక్షల్లో దాచాలంటే రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలోని మామూలు స్ట్రింగ్ టైపు దండగ. 64 బిట్ల మెషీన్‌లో దాని ఒళ్లే 24 బైట్లు: పాయింటర్‌కు 8, పొడవుకు 8, కెపాసిటీకి 8. ఇక పెరగని స్ట్రింగుకు కెపాసిటీ దేనికి? పైగా అసలు టెక్స్టు హీప్‌లో, అంటే ప్రోగ్రాం నడుస్తుండగా అడిగి తెచ్చుకునే మెమరీలో, ఇంకో చోట ఉంటుంది. క్లోన్ (నకలు) చేసిన ప్రతిసారీ కొత్త అలొకేషన్, అంటే మెమరీ కేటాయింపు, పడుతుంది. దీనికి మందుగా చాలామంది వాడేది స్మోల్‌స్టర్. ఎడిటర్లలో రస్ట్ కోడ్‌ను విశ్లేషించే రస్ట్ అనలైజర్ కోసం పుట్టిన క్రేట్ (రస్ట్ లైబ్రరీ) ఇది.

సైజు దీనిదీ 24 బైట్లే. కానీ 23 బైట్ల వరకు టెక్స్టును తన ఒంట్లోనే పెట్టుకుంటుంది, హీప్ జోలికి పోదు. అంతకు మించితే లోపల ఆర్క్ స్టర్ అవుతుంది, అంటే హీప్‌లోని ఒకే టెక్స్టును పంచుకుంటూ, ఎందరు వాడుతున్నారో రిఫరెన్స్ కౌంటులో లెక్క ఉంచే పాయింటర్. అప్పుడు క్లోన్ అంటే రిఫరెన్స్ కౌంటును అటామిక్‌గా ఒకటి పెంచడమే. 32 వరకు న్యూలైన్లు, వాటి వెనక 128 వరకు స్పేసులు ఉండే స్ట్రింగులకు కూడా అలొకేషన్ లేదు. కోడ్‌లో ఇండెంటేషన్ ఇలాగే ఉంటుంది కాబట్టి ఆ ఏర్పాటు. ప్రోగ్రామింగ్ భాషల టోకెన్లు (కోడ్‌లోని విడి మాటలు, గుర్తులు) దాచడానికి ఇంతకన్నా తేలికైన దారి లేదనే చెప్పాలి.

తెలుగు డేటా పోశామా, లెక్క తిరగబడుతుంది. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగులో తెలుగు కోడ్‌పాయింటు (యూనికోడ్‌లో ఒక గుర్తుకు ఇచ్చిన సంఖ్య) ఒక్కోటి 3 బైట్లు. గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ విడి కోడ్‌పాయింట్లే. అంటే 23 బైట్లలో పట్టేవి ఏడు. విజయవాడ, గుంటూరు, కర్నూలు తలా 21 బైట్లతో లోపలే సర్దుకుంటాయి. నెల్లూరు చూడండి: న, ఎత్వం, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. ఎనిమిది, 24 బైట్లు. ఒక్క బైటు దగ్గర హీప్‌కు పోయింది. హైదరాబాద్ 27, విశాఖపట్నం 30. అదే విశాఖపట్నం ఇంగ్లిష్ స్పెల్లింగులో 13 బైట్లే.

హీప్‌కు పోతే ఎంతవుతుందో లెక్క వేద్దాం. లినక్స్‌లో హీప్ మెమరీని పంచే గ్లిబ్‌సీ మాలక్ ప్రతి ముక్కకూ 8 బైట్లు తన కోసం కలుపుకుని, మొత్తాన్ని 16 గుణిజానికి పెంచుతుంది. మామూలు స్ట్రింగులో హైదరాబాద్‌కు 24 + 48 = 72 బైట్లు. స్మోల్‌స్టర్‌లో అయితే టెక్స్టు ముందు ఆర్క్ వాడే రెండు రిఫరెన్స్ కౌంట్లు, అంటే ఇంకో 16 బైట్లు కూర్చుంటాయి. ఆ ముక్క 64 అయి మొత్తం 88కి చేరుతుంది. ఫైలు నుంచి లక్ష వరుసలు చదివి ప్రతి వరుసకూ కొత్తగా స్మోల్‌స్టర్ కడితే 88 లక్షల బైట్లు. మామూలు స్ట్రింగ్ 72 లక్షలతో పోయేది! మెమరీ ఆదా చేద్దామని తెచ్చిన క్రేట్ ఇక్కడ ఎదురు ఖర్చు పెట్టిస్తుంది.

పోటీలో ఉన్న క్రేట్లలో కాంపాక్ట్‌స్టర్ గడుసుది. సరైన యూటీఎఫ్-8లో చివరి బైటు ఎప్పుడూ 192 కంటే తక్కువే ఉంటుంది కాబట్టి, ఆ పై విలువలను పొడవుకు, హీప్ గుర్తుకు వాడేసి 24 బైట్లూ టెక్స్టుకే ఇస్తుంది. నెల్లూరు సరిగ్గా పడుతుంది. కానీ ఇది మార్చదగిన స్ట్రింగ్. హీప్‌లో ఉన్నదాన్ని క్లోన్ చేస్తే టెక్స్టంతా కాపీ అవుతుంది. టైప్‌సెట్టింగ్ టూల్ టైప్‌స్ట్ వాళ్ల ఈకోస్ట్రింగ్ సైజు 16 బైట్లే, క్లోన్ కూడా చవకే, కాకపోతే లోపల పట్టేది 15 బైట్లు. ఏలూరు దాకా సరే, గుంటూరు పట్టదు.

జిల్లాల పేర్ల లాగా అవే మాటలు పదేపదే వచ్చే చోట నేను వీటన్నిటికంటే ఆర్క్ స్టర్, ఇంటర్నింగ్ (ఒకే మాటను ఒక్కసారే దాచి అందరికీ పంచడం) జోడీకే ఓటేస్తాను. ఒక్కో విలువ ఒక్కసారే ఉండే హ్యాష్‌సెట్‌లో ఆర్క్ స్టర్‌లు ఉంచాలి. చదివిన ముక్కను కాపీ చేయకుండా స్టర్ రిఫరెన్స్‌గానే అందులో వెతకాలి. దొరికితే క్లోన్, లేకపోతే కొత్తది చేసి సెట్‌లో వేయాలి. ఆర్క్ స్టర్ ఒక్కోటి 16 బైట్లు కాబట్టి లక్ష వరుసలకు 16 లక్షల బైట్లు, పేరుకు ఒక్కో హీప్ ముక్క, సెట్ ఖర్చు కొంత. అంతే. స్మోల్‌స్టర్ డాక్యుమెంటేషన్ కూడా కొన్ని చోట్ల ఇంటర్నర్ మేలు కావచ్చని దాచకుండా చెబుతుంది. మధ్యలో స్ట్రింగ్ కట్టి దాన్ని ఆర్క్‌గా మార్చకండి. కౌంట్లు టెక్స్టు ముందే ఉండాలి కనుక మళ్లీ కాపీ తప్పదు. ఆర్క్ లోపల స్ట్రింగ్ పెట్టడం ఇంకా తప్పు, చదివిన ప్రతిసారీ రెండు పాయింటర్లు దాటాలి.

స్మోల్‌స్టరే వాడతామంటే, ఫార్మాట్ మ్యాక్రోతో స్ట్రింగ్ చేసి ఇందులోకి మార్చే అలవాటు మానాలి. చిన్న టెక్స్టుకు కూడా ఒక అలొకేషన్ ఊరికే పోతుంది. క్రేట్‌తో వచ్చే ఫార్మాట్_స్మోల్‌స్టర్ మ్యాక్రో 23 బైట్లు దాటేదాకా హీప్‌ను ముట్టదు. మీ అసలు డేటాపై ఈజ్_హీప్_అలొకేటెడ్ పిలిచి ఎన్ని బయటికి పోతున్నాయో లెక్కపెట్టాకే నిర్ణయించుకోండి.

ఇంటర్నింగ్‌ను రెండు విషయాలు చెడగొడతాయి. ఒకటి, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల లోపల కీబోర్డు పెట్టే కనపడని జాయినర్ నిరోధకం, అంటే అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు. అదీ 3 బైట్లే. అది ఉన్న మాట, లేని మాట సెట్‌లో వేర్వేరుగా కూర్చుంటాయి. అందుకే వెతికే ముందే టెక్స్టును ఒక రూపానికి తేవాలి. రెండోది సెర్డే, అంటే ఫైళ్లలోని డేటాను రస్ట్ విలువలుగా మార్చే క్రేట్. దాని ఆర్‌సీ ఫీచర్ ఆన్ చేస్తే ఆర్క్ స్టర్ ఫీల్డులు చదువుతుంది గానీ, ఒకే పేరు వెయ్యిసార్లు వస్తే వెయ్యి ముక్కలు చేస్తుంది. కంపైలర్ ఏమీ అనదు. ఆ ఫీల్డుకు సెర్డే ఇచ్చే డీసీరియలైజ్_విత్ అట్రిబ్యూట్ పెట్టి మీ ఇంటర్నర్ గుండా పంపితేనే పంచుకోవడం జరుగుతుంది.