కళింగపట్నం లాడ్జిలో వెన్నుపూస

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడి నుంచి శ్రీకాకుళం పట్నానికి బస్సులుంటాయి. సామాను ఎక్కువైతేనే ఆటో. బస్ కాంప్లెక్స్ దగ్గర దిగిన లాడ్జి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. దుప్పట్లు శుభ్రం, రాత్రంతా హారన్ల మోత.

కళింగపట్నంలో దొరికిన బస తీరే వేరు. కిటికీ తెరిస్తే సముద్రపు గాలి మనిషిని తోసేస్తుంది. కుళాయి నీళ్లు ఉప్పన, భోజనం చెప్పిన గంటన్నరకు గానీ రాదు. వచ్చిన వంజరం పులుసుకు మాత్రం ఆ ఆలస్యం మాఫీ. హాల్లో గాజు పెట్టెలో ఒక పెద్ద వెన్నుపూస ఉంది. "సముద్ర డైనోసార్‌దండీ, మా నాన్నగారి రోజుల్లో వలలో పడింది" అన్నారు యజమాని. అడిగితే తీసి చేతికిచ్చారు.

సముద్ర సరీసృపాలు అసలు డైనోసార్లే కావు, అదలా ఉంచుదాం. అంత పాతదైతే రాయిగా మారి ఉండాలి, ఆ ఎముక ఇంకా రాయి కాలేదు. పరిమాణానికి తేలిక, విరిగిన అంచున బ్రెడ్డు ముక్కలో ఉన్నట్టు సన్నటి రంధ్రాలు. రెండు ముఖాలూ చదును. డైనోసార్ల కాలంలో సముద్రంలో ఈదిన చేపలాంటి సరీసృపం ఇక్తియోసార్‌. దాని వెన్నుపూసకైతే రెండు వైపులా గుంట ఉంటుంది. నా లెక్కలో అది తిమింగలానిది.

పోనీ, చుట్టుపక్కల రాతి నుంచి కొట్టుకొచ్చిందనుకున్నా పొసగదు. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో ఎక్కువగా ఉన్నవి ఖొండలైటు, చార్నోకైటు. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి మారిన రాళ్లు. ఇక్తియోసార్లు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందువి. మన దేశంలో అలాంటి శిలాజం కావాలంటే గుజరాత్‌లోని కచ్ వైపు చూడాలి. అక్కడ లోడాయి దగ్గర బయటపడిన దాదాపు 5.5 మీటర్ల ఇక్తియోసార్ గురించి శిలాజ శాస్త్రవేత్త గుంటుపల్లి ప్రసాద్ బృందం 2017లో ప్రకటించింది. ఏ పొర రాతిలో దొరికిందో తెలుసు గనుకే అది సుమారు 15 కోట్ల ఏళ్ల నాటిదని చెప్పగలిగారు. తిరుచిరాపల్లి ప్రాంతంలో దొరికిన వెన్నుపూసలకు 1879లో లైడెక్కర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఇక్తియోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. ఉత్త వెన్నుపూసలతో జాతి తేల్చలేమని ఇప్పుడు ఆ పేరును సందేహాస్పదాల్లో చేర్చారు. ఇక ఏ చీటీ లేని ఎముకకు ఎవరేం చెబుతారు? దొరికిన చోటు, సంవత్సరం ఒక కాగితం మీద రాసి అతికించమన్నాను. యజమాని నవ్వి టీ తెప్పించారు.

ప్రాణమున్న సరీసృపాలు చూడాలంటే శ్రీకూర్మం ఆలయంలో నక్షత్ర తాబేళ్లున్నాయి. చలికాలం చివర్లో ఈ తీరానికే ఆలివ్ రిడ్లీ సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. శాలిహుండం కొండ ఎండెక్కకముందే ఎక్కాలి. పైనుంచి వంశధార బాగా కనిపిస్తుంది.

పిల్లలతో వెళ్లేవారికి పట్నంలో బసే మేలు. పులుసు కోసమైతే కళింగపట్నంలో ఒక రాత్రి ఉండండి, కాకపోతే రాత్రి భోజనం సాయంత్రమే చెప్పేయండి.