ఫ్రాస్ట్ నుంచి నారుకు కాపలా: మా న్యూజెర్సీ పెరట్లో ఏది పనికొచ్చింది, ఏది దండగ

మేముండేది సెంట్రల్ న్యూజెర్సీలో. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ కాసిందంటే చాలు, ఇక్కడి తెలుగువాళ్లకు టమాటా, వంగ, మిరప నారు నేలలో పెట్టెయ్యాలని చేతులు దురద పెడతాయి. పాతకాపులేమో ఫ్రాస్ట్ (రాత్రి చలికి ఆకుల మీద మంచు గడ్డకట్టడం) భయం ఉంటుంది, మదర్స్ డే దాటేదాకా ఆగమంటారు. 2020లో మదర్స్ డేకి సరిగ్గా ముందురోజు, మే 9న, పక్కనే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మంచు రాలింది మరి. అయినా ఆగబుద్ధి కాదు. అందుకే కొన్నేళ్లుగా తక్కువ ఖర్చులో దొరికే రక్షణలన్నీ వరసగా వాడుతూ వస్తున్నాను.

ఎక్కువ మార్కులు ఫ్రాస్ట్ క్లాత్‌కే. సర్జికల్ మాస్కులకు వాడే రకం పాలీప్రొపిలీన్ గుడ్డే ఇది. కొనేటప్పుడు బ్రాండు కాదు, బరువు చూడండి. చదరపు గజానికి అర ఔన్సు తూగే పల్చటిది పురుగులు రాకుండా ఆపుతుంది గానీ చలికి పెద్దగా ఆగదు. నేను వాడేది ఒకటిన్నర ఔన్సుది. బయటికన్నా లోపల 6 నుంచి 8 ఫారెన్‌హీట్ డిగ్రీలు వెచ్చగా ఉంచుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. నేను లోపలొక థర్మామీటర్, బయటొకటి పెట్టి చూస్తే, బయట 30 ఉన్న తెల్లవారుజామున లోపల 35 చూపించింది. ఆ తేడా చాలు, టమాటా నారు బతుకుతుంది. ఆ పొద్దున గుడ్డ పైనంతా మంచు పేరుకుని అప్పడంలా బిరుసెక్కింది. ఎత్తి చూస్తే మొక్కలు పచ్చగానే ఉన్నాయి. గుడ్డకు ఆనుకున్న ఆకుల కొసలు మాత్రం గోధుమరంగుకి తిరిగాయి. అందుకే గుడ్డ కింద తీగ కమ్మీలు వంచి గుచ్చాలి, ఆకుకు తగలకూడదు.

అసలు కిటుకు అంచుల్లో ఉంది. గుడ్డ తనంతట తాను వేడి పుట్టించదు, పగలు నేల పీల్చుకున్న వేడిని రాత్రి పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. చుట్టూ నేలకు ఆనేలా పరిచి ఇటుకలు పెట్టకపోతే ఆ వేడి పక్కల నుంచి జారిపోతుంది. గుడ్డతోపాటు ఇచ్చే కొక్కేల్లాంటి పిన్నులు వాడొద్దు, చిరుగు మొదలయ్యేది అక్కడే. ఇటుకలతో, పాత చెక్కలతో అణిచిపెడితే మూడు నాలుగు సీజన్లు హాయిగా వస్తుంది. ఇంకో ఇబ్బంది, ఈ మందం గుడ్డ వెలుతురును దాదాపు సగం ఆపేస్తుంది. పొద్దునే తీసెయ్యాలి. ఆఫీసు హడావిడిలో అది కొంచెం టెన్షనే.

ఇక పైసా ఖర్చు లేనిది పాల క్యాను. రోజూ పెరుగు తోడుపెట్టే ఇళ్లలో గ్యాలన్ క్యాన్లకు కొదవేముంది? అడుగు కోసేసి మొక్క మీద బోర్లించడమే. పగలు మూత తీసి ఉంచాలి, లేకపోతే ఎండకు లోపల మొక్క ఉడికిపోతుంది. ఖాళీ క్యాను గాలికి ఎగిరి పక్కింటి లాన్‌లో తేలుతుంది కాబట్టి పిడిలోంచి ఒక పుల్ల నేలలోకి దిగ్గొట్టండి. జానెడు లోపు మొక్కలకు బాగుంది. రెండో ఏడాదికి ఎండకు పెళుసుబారి పట్టుకుంటేనే విరిగిపోతోంది, కొత్తది కోసుకోవడమే.

హార్డ్‌వేర్ షాపులో దొరికే 5 గ్యాలన్ల బకెట్ బోర్లించి పైన ఇటుక పెట్టడం ఇంకా తేలిక. నాలుగైదు మొక్కలే ఉంటే వేరే ఏదీ కొనక్కర్లేదు. ఎదిగిన మిరప మొక్క కూడా పడుతుంది.

పాత కాటన్ చీరలు, దుప్పట్లు? మా అత్తయ్య వచ్చినప్పుడు ట్రంకులోంచి తీసిచ్చిన నేత చీరలు కప్పాం. పొడి రాత్రి బాగానే కాచాయి. వాన పడ్డ రాత్రి మాత్రం తడిసి బరువెక్కి లేత వంగ మొక్కల నడుములు విరిచేశాయి. అత్యవసరానికైతే సరే, వాటినే నమ్ముకుని ఉండొద్దు.

ప్లాస్టిక్ షీటు నాకు నచ్చలేదు. ఆకు తగిలిన చోటల్లా మాడుతుంది, ఎండ రాగానే లోపల ఆవిరి. చుట్టూ నీళ్ల గొట్టాలుండే ప్లాస్టిక్ టోపీలు కూడా కొన్నాను. నీళ్లు గడ్డకట్టేటప్పుడు వేడిని వదులుతాయి కాబట్టి పనితనంలో వాటికి వంక పెట్టలేం. కానీ ఒక్కో గొట్టం నింపడం పెద్ద ప్రహసనం, ఒకటి చిల్లు పడితే మొత్తం మొక్క మీదకి వాలుతుంది. పది మొక్కలకు కొనాలంటే ఖర్చు కూడా తక్కువేం కాదు. క్రిస్మస్ లైట్లు చుట్టమని కొందరంటారు. పాతకాలం ఫిలమెంట్ బల్బులైతేనే వేడి, ఇప్పటి ఎల్‌ఈడీలతో వెలుగు తప్ప ఏమీ రాదు.

ఫోన్‌లో 36 డిగ్రీలని చూపించినా నిశ్చింతగా పడుకోకండి. వాతావరణ కేంద్రాల థర్మామీటర్ నేలకు ఐదారడుగుల ఎత్తులో ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని రాత్రి నేల దగ్గర అంతకన్నా చల్లగా ఉంటుంది. మబ్బు పట్టి ఉంటే 36కి నేను కదలను. కప్పాల్సిన రోజు మధ్యాహ్నమే మొక్కల మొదట్లో నీళ్లు పోస్తాను, తడి నేల వేడిని ఎక్కువ దాచుకుంటుంది. పొద్దుగూకక ముందే కప్పేస్తాను. చీకటి పడ్డాక కప్పితే వేడి అప్పటికే సగం పోయి ఉంటుంది.

గోంగూర, బీర, సొర మాత్రం ఏ గుడ్డ కిందా ముందుగా పెట్టకండి. ఫ్రాస్ట్ తప్పించుకున్నా 50 డిగ్రీల లోపుకు చల్లబడే రాత్రులకు అవి ముడుచుకుపోయి ఎదగవు. మే మూడో వారంలో పెట్టినవే వాటిని దాటిపోతాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుండీల తోటైతే ఇవేవీ కొనొద్దు, రాత్రికి కుండీలు లోపలికి తెచ్చుకుంటే సరిపోతుంది.