హగరి ఇసుక దిబ్బల్లో తొమ్మిదేళ్లు: యాషికా మ్యాట్-124జి

ఈ కెమెరా నా చేతికి వచ్చి తొమ్మిదేళ్లయింది. పెళ్లిళ్లకూ పండగలకూ ఎప్పుడూ బయటికి తీయలేదు. అనంతపురం జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల వైపు హగరి ఒడ్డున పేరుకున్న ఇసుక దిబ్బల కోసమే వాడాను. ఇప్పటికి 140 రీళ్లు దాటాయి. రీలుకు 12 ఫొటోలు. వాటిలో గోడకు తగిలించదగ్గవి పదకొండు ఉన్నాయనుకుంటాను. ఆ పదకొండింటిలో ఒకటి నాకు బాగా ఇష్టం. ఈ కెమెరా మంచీ చెడ్డా ఆ ఒక్క ఫొటో కథతోనే చెబుతాను.

వేదవతి నదినే మా దగ్గర హగరి అంటాం. కర్ణాటకలో పుట్టి మా జిల్లాలోకి వచ్చి, మళ్లీ అటే పోయి తుంగభద్రలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండే ఉంటుంది. జిల్లాలో సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. ఆషాఢం గాలి మొదలైందంటే ఎండిన ఏటిలోని ఇసుక లేచి పడమటి నుంచి తూర్పుకు నడుస్తుంది. ఏళ్ల తరబడి అలా నడిచి నడిచి చేలను కప్పేసింది. దర్గా హొన్నూరు దగ్గర దిబ్బ ఎక్కి చుట్టూ చూస్తే రాజస్థాన్‌లో ఉన్నామా అనిపిస్తుంది. నా మొదటి తప్పు అక్కడే మొదలైంది. అది తర్వాత చెబుతాను.

ముందు కెమెరా సంగతి. ముందువైపు ఒకదానిమీద ఒకటి రెండు కళ్లుంటాయి. పైది చూడటానికి, కిందిది ఫొటో తీయడానికి. రెండూ 80 మిల్లీమీటర్ల లెన్సులే. ఈ మోడల్ 1970లో వచ్చింది, 1986 దాకా తయారైంది. 120 అనే వెడల్పాటి రకం రీలు మీద ఆరు సెంటీమీటర్ల చదరం పడుతుంది. కంటికి ఆనించుకుని చూసే కెమెరా కాదిది. నడుము దగ్గర పట్టుకుని, పైమూత తెరిచి, తల వంచి గాజు పలకలోకి చూడాలి. అందులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. కెమెరాను కుడికి తిప్పితే దిబ్బ మనం అనుకోని వైపుకు జరుగుతుంది. మొదటి ఆరు నెలలు చాలా కష్టపడ్డాను. తర్వాత అదే నాకు కలిసొచ్చింది. తలకిందులుగా రాసిన అక్షరాన్ని చూస్తే దాని అర్థం పోయి ఆకారం ఒక్కటే మిగులుతుంది కదా, ఈ పలక మీద దిబ్బ కూడా అంతే. ఇక్కడ ఒక తెల్ల ముక్క, అక్కడ ఒక నల్ల ముక్క, మధ్యలో కత్తి అంచులా ఒక గీత. ఆ మూడూ చదరంలో సర్దుకున్నాయా లేదా అన్నదే చూస్తాం.

దిబ్బల్లో వెలుగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దీన్ని అర్థం చేసుకోవడానికే నాకు రెండేళ్లు పట్టింది. గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి దిబ్బకు పడమటి వైపు వాలు మెల్లగా ఎక్కుతుంది, తూర్పు వైపు నిట్రంగా దిగుతుంది. ఇసుక మీది చిన్న అలలు గాలికి అడ్డంగా, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి పడతాయి. పొద్దు గూకేటప్పుడు ఎండ వాటికి అడ్డంగా తగిలి ప్రతి అలకూ ఒక నీడ వస్తుంది. నిట్రపు వైపు మొత్తం చీకటైపోతుంది. దిబ్బ అంచు చాకుతో కోసినట్టు తేలుతుంది. అదే దిబ్బను పొద్దున చూస్తే తూర్పు ముఖం మీద ఎండ పడి, పెద్ద గోడలా చదునుగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండుకు వెళితే అసలు దిబ్బే లేనట్టుంటుంది, అంతా ఒకే తెలుపు. సాయంత్రం చివరి నలభై నిమిషాలే నాకు పనికొచ్చాయి.

రీలు ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్, నలుపు తెలుపుది, వెలుగుకు స్పందించే వేగం 125. వేరేవి కూడా వాడి చూశాను గానీ ఇసుక రేణువు నునుపు దీనిలోనే బాగా వస్తోంది.

మొదట్లో నారింజ ఫిల్టర్ పెట్టేవాణ్ణి. దానితో ఆకాశం నల్లబడుతుంది, చూడగానే ‘అబ్బ’ అనిపిస్తుంది. కానీ దిబ్బ నీడలోకి ఎండ రాదు, అక్కడికి వచ్చే వెలుగంతా నీలాకాశానిదే. నీలాన్ని ఆపే ఫిల్టర్ పెడితే ఆకాశంతో పాటు నీడ కూడా తారు పూసినట్టయిపోతుంది. నీడలో పాకిన బల్లి గీత, ఎండిన గడ్డిపోచ గుండ్రంగా గీసిన గీత, అన్నీ మాయం. పసుపు ఫిల్టర్‌కు మారాక నీడలు ఊపిరి పోసుకున్నాయి. ఈ కెమెరాకు బే-1 అనే కొక్కెం పద్ధతి ఫిల్టర్లే పడతాయి. మామూలు మరచుట్టువి ఎక్కవు. పాతవి దొరికినా ధర ఎక్కువ. కొనేటప్పుడే కెమెరాతో పాటు ఫిల్టర్ కూడా ఇస్తారేమో అడగండి.

కెమెరాలో ఉన్న వెలుగు కొలిచే మీటర్‌ను నమ్ముకోవద్దు. దానికి కావాల్సిన 1.3 వోల్టుల పాదరసం సెల్లు ఇప్పుడు రాదు. పైగా ఏ మీటరైనా ఇసుకను చూసి ‘ఇది మామూలు బూడిద రంగే’ అనుకుని వెలుగు తగ్గించి చెబుతుంది. దాని మాట వింటే ఇసుక మట్టిరంగులో మురికిగా వస్తుంది. నేను చేతి మీటర్‌తో ఎండపడిన ఇసుకను కొలిచి, ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) ఎక్కువ ఇస్తాను.

ఇప్పుడు ఆ ఫొటో. మూడో ఏడు ఆగస్టులో ఒక సాయంత్రం, మబ్బుల సందులోంచి పది నిమిషాలు ఎండ వచ్చింది. దిబ్బ అంచు పాములా వంకర తిరిగి చదరం పైమూలకు పోతోంది. మూడు ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కడిగాక, చిన్న కాంటాక్ట్ ప్రింటు (నెగటివ్ సైజులోనే వేసిన ప్రింటు) మీద ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కలు జరుపుతూ కూర్చున్నాను. అడుగున ఎడమ మూలలో ఏదో రాయి ఉంది, మసకగా, సగం తెగి. చూపును లాగేస్తోందని దాన్ని తీసేశాను. కుడివైపు ఈతచెట్టు మొండెం ఉంది, దాన్నీ తీసేశాను. పొడవాటి పట్టీ మిగిలింది: దిబ్బ, నీడ, ఆకాశం. ప్రింటు వేసి చూపిస్తే అందరూ అడిగారు, ‘జైసల్మేర్ ఎప్పుడు పోయినావు?’ అని. ఆ మాటకు పొంగిపోయాను. ఏడాదిపాటు ఆ పట్టీనే నా గొప్ప ఫొటో అనుకున్నాను.

మరుసటి ఏడు ఆ ప్రింటు పట్టుకుని అదే దిబ్బకు పోయాను. గొర్లు తోలుకుపోతూ ఒక పెద్దాయన ఆగాడు. చూపించాను. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, ‘బాగుంది సామీ. ఇది ఏ ఊరు?’ అన్నాడు.

ఆయన ఆ దిబ్బ మీదే నిలబడి ఉన్నాడు.

సంచిలో కాంటాక్ట్ ప్రింటు కూడా ఉంది. తీసి ఇచ్చాను. అగ్గిపెట్టెంత బొమ్మ. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దిబ్బను గానీ ఆకాశాన్ని గానీ చూడలేదు. గోరుతో మూలలోని మసక రాయిని నొక్కి పట్టుకున్నాడు. ‘ఇది మా చేను హద్దురాయి. మా నాయన పాతినాడు. నేను పిల్లోనిగా ఉన్నెప్పుడు నా నడుమంత ఉండె’ అన్నాడు. అప్పుడది ఇసుక పైన జానెడు కూడా లేదు. ఆ దిబ్బ కింద వాళ్లు ఒకప్పుడు సజ్జలూ కొర్రలూ వేసేవాళ్లట.

నేను కత్తిరించి పారేసింది ఆ రాయినే.

ఆ నెగటివ్‌తో ఇక చేయగలిగిందేమీ లేదు. రాయి ఫోకస్‌లో లేదు, పైగా సగం తెగింది. మళ్లీ తీయాలంటే ఈ కెమెరా నిర్మాణంలోని ఒక ఇబ్బందిని దాటాలి. చూసే కన్ను పైన, తీసే కన్ను దాని కింద. దూరాన ఉన్న దిబ్బకు ఆ తేడా లెక్కలోకి రాదు. కాళ్ల దగ్గరి రాయికి మాత్రం వస్తుంది. పలక మీద నిండుగా కనిపించింది ఫిల్మ్ మీద జరిగిపోయి పడుతుంది. దానికి ఒక సులువైన పద్ధతి ఉంది: ట్రైపాడ్ మీద ఫ్రేము సరిచూసుకున్నాక, నొక్కే ముందు ట్రైపాడ్ నడిమి కర్రను సరిగ్గా ఆ రెండు కళ్ల మధ్య దూరమంత పైకెత్తాలి. అప్పుడు చూసిన కన్ను ఉన్నచోటికి తీసే కన్ను వస్తుంది. నా ట్రైపాడ్ కర్ర మీద ఎర్ర టేపుతో రెండు గుర్తులు పెట్టుకున్నాను. దగ్గరి వస్తువు ఉన్న ప్రతి ఫొటోకూ ఇది తప్పదు.

మళ్లీ తీయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మొదటిరోజు మబ్బు పోలేదు. రెండోరోజు నా అడుగులు నేనే పాడుచేసుకున్నాను. రాయి చుట్టూ తిరిగి చూసి, అలలన్నీ తొక్కేశాను. మూడోరోజు దూరం నుంచే చోటు ఖాయం చేసుకుని ఒకే వైపు నుంచి వచ్చాను. కెమెరా నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంది. ఇంత కిందికి పెట్టి, వంగి పైనుంచి పలకలోకి చూడగలగడం ఈ రకం కెమెరాతోనే సుఖం. ఆ ఎత్తు నుంచి చూస్తే జానెడు రాయి కూడా నిలబడినట్టు కనిపిస్తుంది, అలలు దాని దగ్గర రెండుగా చీలి వెనక మళ్లీ కలుస్తాయి. రాయికీ నాకూ పది అడుగులు. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నదిగా, ఎఫ్22కు పెట్టి ఆరు మీటర్ల మీద ఫోకస్ చేస్తే మూడు మీటర్ల నుంచి దూరపు అంచు దాకా స్ఫుటంగా వస్తుంది. షట్టర్ వేగం సెకనులో ఎనిమిదో వంతు. దిబ్బల్లో కంటికి సమతలం దొరకదు, పలకలో అసలే తిరగబడి ఉంటుంది. అందుకే మేస్త్రీల రసమట్టం చిన్నది ఒకటి కెమెరా మీద పెట్టి చూసుకుంటాను.

ఇసుక ఈ కెమెరాకు శత్రువు. నాలుగో ఏడు ఒక రీలు మొత్తం ఆకాశం మీదుగా నిలువుగా సన్నటి గీత పడింది. లోపల రోలర్ దగ్గర ఒకే ఒక్క రేణువు ఇరుక్కుని పన్నెండు ఫొటోలనూ గీరింది. అప్పటినుంచి గాలికి వీపు పెట్టి, తువ్వాలు కప్పుకుని, ఒళ్లోనే రీలు మారుస్తాను. ఫోకస్ గుండ్రని పిడి రెండుసార్లు గరగరలాడింది. ఒకసారి బాగుచేయడానికి ఇస్తే షట్టర్ నెమ్మది వేగాలు ఇంకా నెమ్మదై తిరిగొచ్చింది. ఇంకోచోట మళ్లీ చేయించుకోవలసి వచ్చింది. పలక అంచులు మసకగా ఉంటాయి. పొద్దు గూకేటప్పుడు మూలల్లో ఏముందో భూతద్దం దించి వెతుక్కోవాలి. ఎండ ఎదురుగా ఉంటే లెన్స్ తెల్లబారుతుంది, లెన్స్‌కు నీడపట్టే హుడ్ తప్పనిసరి.

కడగడం ఇంట్లోనే. 20 డిగ్రీలు అని డబ్బా మీద రాసి ఉంటుంది గానీ, వేసవిలో మా మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. ఐసుముక్కల సంచి బకెట్‌లో వేసి చల్లబరిచి, 24 డిగ్రీల దగ్గర ఆపుతాను. డీ-76 అనే డెవలపర్ రసాయనాన్ని నీళ్లతో ఒకటికి ఒకటి కలిపితే 20 డిగ్రీలకు 11 నిమిషాలు, 24కు దాదాపు ఎనిమిది. చివరి కడుగు మాత్రం బోరు నీళ్లతో వద్దు. ఉప్పు మరకలు ఆకాశంలో చుక్కలై మిగులుతాయి. పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీళ్లు చాలు.

ప్రింటుకు మూతపడిన ఒక స్టూడియో నుంచి కొన్న, నెగటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ ఉంది. రాయి ఉన్న నెగటివ్‌ను మూడు రకాలుగా వేశాను. మొదటిసారి పాత అలవాటు కొద్దీ ఆకాశాన్ని బాగా నల్లచేశాను, రాయి చిన్నబోయింది. రెండోసారి రాయి మీద వెలుగు అడ్డుపెట్టి మరీ తెల్లగా తెచ్చాను, అతికించినట్టు కనిపించింది. మూడోది మధ్యస్థమైన కాంట్రాస్టుకు వాడే రెండో నంబరు ఫిల్టర్ మీద వేశాను. ఆకాశం పైభాగానికి సగం స్టాపు ఎక్కువ ఇచ్చి, రాయికి మూడు సెకన్లు మాత్రం చెయ్యి అడ్డంపెట్టాను. ఈసారి నీడలో బల్లి గీత కూడా మిగిలింది. ఫైబర్ కాగితం ఆరాక ఒక పిసరు ముదురుతుంది, అందుకని మొత్తం సమయంలో పదోవంతు తగ్గించాను. ఏమీ కత్తిరించలేదు. ఈతచెట్టు మొండెం కూడా కుడి అంచున అలాగే ఉంది.

ఆ ప్రింటు ఒకటి పెద్దాయన ఇంట్లో ఉంది. పోయిన ఆషాఢంలో పోయి చూస్తే రాయి పూర్తిగా మునిగిపోయింది. ఈతమొండెం నుంచి అడుగులు లెక్కపెట్టి ఇక్కడే అని చూపించాడు ఆయన.

కొనాలనుకునేవాళ్లు వెనక తలుపు తెరిచి ఒక సెకను వేగంలో నొక్కి చెవి దగ్గర పెట్టుకుని వినండి, మధ్యలో ఆగి ఆగి తిరిగితే వద్దు. లెన్స్ లోపల బూజు ఉందేమో టార్చి వేసి చూడండి. ఫోకస్ పిడి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే బరువుతో తిరగాలి. దగ్గరి వస్తువులు తీయాలని ఉంటే నడిమి కర్ర ఎత్తే ట్రైపాడ్ కూడా అదే రోజు కొనుక్కోండి.