కర్బనం తగ్గించాలని ఇండక్షన్ స్టవ్ కొనేవాళ్లకు

రెండు, మూడు వేల రూపాయల్లో దొరికే 2000 వాట్ల ఒంటి పొయ్యి ఇండక్షన్ స్టవ్‌ల గురించి ఈ రివ్యూ. పైన ఏ కంపెనీ పేరున్నా లోపలి సరుకు దాదాపు ఒకటే: ఒక కాయిల్, ఒక చిన్న ఫ్యాన్, ఐజీబీటీ అనే పవర్ ట్రాన్సిస్టర్, ఒక బోర్డు. అందుకే మోడళ్లను విడివిడిగా తూచడం లేదు.

వేడి చేయడంలో దీన్ని వంక పెట్టలేం. 1800 వాట్ల మీద లీటరు నీళ్లు మూడున్నర నిమిషాల్లో మరుగుతాయి, ఖర్చు పదో వంతు యూనిట్. కరెంటులో 85 శాతం దాకా గిన్నెకే చేరుతుంది. వంటగది ఉడికిపోదు, గిన్నె అడుగు నల్లబడదు. టీ, పాలు, కుక్కర్లో అన్నం, ఇడ్లీ పాత్ర... వీటికి భేష్.

చిక్కంతా మన వంటతో వస్తుంది. లోపలి కాయిల్ వెడల్పు పదహారు, పద్దెనిమిది సెంటీమీటర్లు. దోసె పెనం ఇరవై ఎనిమిది, ముప్పై. నడుమ మాడుతుంది, అంచు పచ్చిగా ఉంటుంది, దోసె తిరగేస్తే బొట్టు పెట్టినట్టు గుండ్రటి మచ్చ. పెనాన్ని సన్నగా ఐదారు నిమిషాలు కాగనిస్తే కొంత నయం, అంతకుమించి ఆశించొద్దు. తాలింపు గరిటెను స్టవ్ అసలు గుర్తించదు. 12 సెంటీమీటర్ల కంటే చిన్న అడుగుంటే చాలావాటిలో గిన్నె లేదన్నట్టు బీప్ కొడుతుంది. గుండ్రటి అడుగున్న బాణలి పనికిరాదు. వంకాయ కాల్చడం, పుల్కా పొంగించడం కుదరదు. కాబట్టి గ్యాస్ బండ ఇంట్లోంచి పోదు, పక్కకు జరుగుతుంది అంతే.

సిమ్‌లో పెట్టడం ఇంకో చిక్కు. తక్కువ ధర స్టవ్‌లలో 200 వాట్లు నొక్కితే నిజంగా 200 రావు. ఎనిమిది వందలో వెయ్యో వాట్లు కొన్ని సెకన్లు కొట్టి, ఆగి, మళ్లీ కొడుతుంది. పాలు కాచేటప్పుడు పొంగు ఒక్కసారిగా లేవడానికి, రవ్వకేసరి అడుగంటడానికి కారణం ఇదే. మందం అడుగున్న గిన్నె వాడితే ఈ దెబ్బలను అది కొంత మింగుతుంది.

గిన్నెల పరీక్షకు ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం చాలు. అడుగున గట్టిగా పట్టుకోవాలి. అల్యూమినియం కుక్కర్, రాగి చెంబు పట్టవు. కొన్ని స్టీలు గిన్నెలూ పట్టవు. కర్బనం తగ్గించాలన్న ఆశకు ఇక్కడే మొదటి ఎదురుదెబ్బ: ఇరవై ఏళ్లు నడిచే కుక్కర్ను పక్కన పడేసి, కొత్త స్టీలు సెట్ కొంటారు. ఆ స్టీలు తయారీలోనూ కర్బనం వెలువడుతుంది.

ఇక కర్బన లెక్క, అంటే వంట వల్ల గాల్లో కలిసే కార్బన్ డయాక్సైడ్ ఎంతన్నది. 14.2 కిలోల సిలిండర్లో ఉన్న వేడి సుమారు 180 యూనిట్ల కరెంటుతో సమానం. ఐఎస్‌ఐ గుర్తు గ్యాస్ స్టవ్‌కు కనీస సామర్థ్యం 68 శాతం అనుకుంటే గిన్నెలోకి చేరేది 122 యూనిట్లు. అంతే వేడి ఇండక్షన్‌తో ఇవ్వాలంటే 144 యూనిట్లు కావాలి. కిలో గ్యాస్ కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మూడు కిలోలు, అంటే సిలిండర్‌కు 43 కిలోలు. రిఫైనరీ, ఓడ, లారీ కింద ఇంకో పావు వంతు వేసినా 55 దాటదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలో దేశ గ్రిడ్ (అన్ని కేంద్రాల కరెంటూ కలిసే లైన్ల వల) సగటు యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ పైమాటే. 144 యూనిట్లకు వంద కిలోలు! లైన్లలో పోయే కరెంటు ఇందులో లేదు. గ్యాస్ మంట గిన్నె అంచులు దాటి వృథా అవుతూ సామర్థ్యం 55 శాతానికి పడిపోయిందనుకున్నా, పోలిక ఇండక్షన్ 80 కిలోల పైమాటకూ గ్యాస్ 55 కిలోల లోపుకూ మధ్యే. పొగ మన వంటింట్లో తగ్గి రామగుండంలోనో, ఇబ్రహీంపట్నంలోనో బొగ్గు విద్యుత్ కేంద్రం గొట్టం పైన లేస్తుంది. సాయంత్రం ఏడింటికి సోలార్ దిగిపోయాక భారం ఇంకా ఎక్కువగా బొగ్గు మీదే పడుతుంది, మన వంటలూ అప్పుడే.

మిద్దె మీద సోలార్ ఉంది కదా అంటారా? మూడు కిలోవాట్లు మంచి ఎండలో రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి, వంటకు నాలుగైదు చాలు. అయితే మెలిక ఒకటుంది. నెట్ మీటర్ ఉంటే మీరు వాడని యూనిట్ గ్రిడ్‌కు వెళ్లి ఎక్కడో బొగ్గు కరెంటును తగ్గిస్తుంది. దాన్ని మధ్యాహ్నం పప్పుకు ఖర్చు పెడితే ఆ తగ్గింపు పోతుంది. జేబుకు లాభం రావొచ్చు, కర్బనం ఖాతా మాత్రం పెద్దగా కదలదు. గ్రిడ్‌కు కలపని బ్యాటరీ సిస్టమ్‌లో మధ్యాహ్నం మిగిలిపోయే కరెంటైతే అసలైన లాభం.

బిల్లు సంగతి. తెలంగాణలో గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఇంటికి 200 యూనిట్ల దాకా సున్నా, దాటితే మొత్తం కట్టాలి. 170 వాడే ఇల్లు సగం సిలిండర్ మానేసి ఇండక్షన్‌కు మారితే నెలకు 70 యూనిట్లు కలిసి 240 అవుతుంది. 200 దాటినవారికి మొదటి 200 యూనిట్లకు రూ.5.10, ఆపైన రూ.7.70: మొత్తం రూ.1,328, ఫిక్స్‌డ్ చార్జీలు అదనం. మిగిలే గ్యాస్ విలువ నాలుగైదు వందలు. ఆంధ్రలో 226వ యూనిట్ నుంచి రూ.8.75 పడుతుంది, అప్పటికే 225 వాడే ఇంటికి అక్కడ ఆ 70 యూనిట్లే ఆరు వందలు దాటుతాయి. కొనేముందు గత పన్నెండు నెలల బిల్లులు తీసి, వేసవి నెలలకు 70 కలిపి చూసుకోండి.

వైరింగ్: 2000 వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు. మిక్సీ పెట్టే చిన్న ప్లగ్‌కు అది తగదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్, 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, సరైన ఎర్త్ ఉండాలి. కన్వర్టర్ ప్లగ్ పెడితే ఆ పిన్ను దగ్గరే కరుగుతుంది. పాడయ్యేది ఎక్కువగా ఐజీబీటీ, ఫ్యూజు. రెండూ కలిసే పోతాయి. కారణాలు మూడు: వోల్టేజీ ఎగుడుదిగుడు, నూనె జిడ్డుతో మూసుకుపోయిన ఫ్యాన్, వెచ్చగా ఉందని లోపల కాపురం పెట్టే బొద్దింకలు. వంటయ్యాక గోడ స్విచ్ వెంటనే కట్టేయొద్దు, ఫ్యాన్ దానంతటదే ఆగనివ్వండి. నెలకోసారి కిందిభాగం బ్రష్‌తో దులపాలి. వారంటీ సాధారణంగా ఏడాదే.

బ్యాచిలర్ గదికి, కట్టెలపొయ్యి పొగ పీలుస్తున్న ఇంటికి, గ్యాస్ బండ ఆలస్యమయ్యే ఊరికి ఇది తీసుకోదగ్గ వస్తువే, రేటింగ్ నాలుగు చుక్కలు. కర్బనం తగ్గించడానికంటే రెండే, అది కూడా గ్రిడ్ మారుతుందన్న నమ్మకం మీద.

ఉన్న గ్యాస్ స్టవ్‌తోనే తగ్గించాలంటే పైసా ఖర్చు లేని పనులున్నాయి. కందిపప్పు అరగంట నానబెట్టాలి. కుక్కర్ మొదటి విజిల్ తర్వాత మంట సిమ్‌కు దించాలి. బర్నర్ రంధ్రాలు పిన్నీసుతో శుభ్రం చేయాలి. మంట పసుపుగా ఉంటే గాలి సరిగా అందడం లేదన్నమాట, నీలంగా మారేదాకా చూసుకోవాలి. మూత పెట్టకుండా పులుసు గంట కాచడం మానితే గ్యాస్ బాగా మిగులుతుంది.