పచ్చల దుద్దులు: బిల్లులో రాయని నూనె

దుద్దులు కొనేటప్పుడు బంగారం గురించి చెప్పినంత వివరంగా రాయి గురించి ఎవరూ చెప్పరు. నా బిల్లులో 916 (అంటే 22 క్యారెట్ల బంగారం) అని, తరుగు ఇంతని, మజూరీ ఇంతని, రాళ్ళ బరువు తీసివేయగా మిగిలిన నికర బరువు మిల్లీగ్రాములతో సహా ఇంతని అన్నీ ఉన్నాయి. రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ‘పచ్చలు’ అన్న ఒక్క మాట, దాని పక్కన కారెట్లలో రాళ్ళ బరువు, అంతే. ఆ పచ్చల లోపల నూనె ఉంటుందన్న సంగతి ఆ కాగితం మీద లేదు, అమ్మిన మనిషి నోటి నుంచీ రాలేదు. ఆరేడేళ్ళుగా ఆ దుద్దులు పెట్టుకుంటున్న నాకు వాటి మీద మిగిలిన కోపమంతా ఆ నూనె గురించే.

రంగు విషయంలో మాత్రం నేటికీ వంక పెట్టలేను. జాంబియా పచ్చలనీ, జైపూర్‌లో సానబట్టినవనీ చెప్పి అమ్మారు. దుకాణం దీపాల కింద ప్రతి రాయీ మెరుస్తుంది కాబట్టి, అనుమతి అడిగి గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూసి మరీ తీసుకున్నాను. వెనుక మూసి రేకు పరిచిన క్లోజ్డ్ సెట్టింగు కాకుండా, వెలుతురు రాయి గుండా పోయే ఓపెన్ సెట్టింగు ఎంచుకున్నందుకు చాలాకాలం సంతోషించాను. బరువు కూడా కలిసివచ్చింది. పచ్చ సాంద్రత దాదాపు 2.7, కెంపుది 4.0. అంటే ఒకే కారెట్ బరువున్న కెంపు కన్నా పచ్చ కంటికి పెద్దదిగా కనిపిస్తుంది, లేదా అదే పరిమాణానికి చెవి మీద తక్కువ బరువు పడుతుంది. నావంటి పలచని చెవి తమ్మెలకు ఇది చిన్న మేలు కాదు.

ఇక జరిగింది చెబుతాను. కొన్న చోట జీవితకాలం ఉచితంగా శుభ్రం చేసి ఇస్తామని హామీ ఇచ్చారు. దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్ళి ఉందని, వెనుక మకిలి పట్టిన దుద్దులను పట్టుకెళ్ళి ఇచ్చాను. లోపలికి తీసుకువెళ్ళి, ధ్వని తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ యంత్రంలో వేడి నీళ్ళు పోసి అందులో వేశారు, తీశాక ఆవిరి కూడా పట్టించారు. కాసేపటికి తెచ్చి చేతిలో పెడితే బంగారం కొత్తదానిలా ధగధగలాడుతోంది. ఎడమ చెవి రాయిలో మాత్రం అంచు నుంచి నడిమి దాకా తెల్లని ఈకలాంటి గీత ఒకటి తేలింది. కుడి చెవి రాయి ఒక మూల మసకబారి, పచ్చదనంలో బూడిద రంగు కలిసినట్టు ఉంది. అడిగితే, “మేడమ్, జాతి రాయికి ఇవన్నీ సహజం, మొదటి నుంచీ ఉన్నవే” అన్నారు.

ఆ జవాబులో సగం నిజం ఉంది కనుకనే ఒళ్ళు మండింది. పగుళ్ళు మొదటి నుంచీ ఉన్నవే, కనిపించకుండా ఉన్నది మాత్రం నూనె వల్ల. భూమిలో నుంచి తీసిన పచ్చల్లో సన్నని పగుళ్ళు లేనివి అరుదు. పగులులో గాలి ఉంటే అది చిన్న అద్దంలా వెలుతురును వెనక్కి కొడుతుంది, తెల్లగా కనిపిస్తుంది. గాలి స్థానంలో సెడార్ చెట్టు నూనె వంటిదాన్ని నింపితే, ఆ నూనె గుండా వెలుతురు వంగే తీరు రాయి గుండా వంగే తీరుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి పగులు కంటికి ఆనదు. ఇది మోసం కాదు, వ్యాపారంలో అందరూ ఒప్పుకున్న పద్ధతే. కొన్ని రాళ్ళలో నూనెకు బదులు రెసిన్ అనే జిగురులాంటి పదార్థం నింపుతారు. పచ్చలను అల్ట్రాసోనిక్ యంత్రంలో వేయకూడదన్నది కూడా అదే వ్యాపారంలో పాతమాటే. ఆ నూనె సంగతి ముందే తెలిసి ఉంటే వాటిని ఆ యంత్రం దరిదాపులకు పోనిచ్చేదాన్ని కాను.

దుకాణం వారు చేతులెత్తేశాక, రాళ్ళు పొదిగే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. కంటికి భూతద్దం తగిలించుకుని, దుద్దును దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, “అమ్మా, రాయి చెడలేదు, నూనె దిగిపోయింది” అన్నారు. కొక్కేలు వదులు చేసి రాళ్ళు ఊడదీసి, పగుళ్ళలోని మురికి పోయేలా శుభ్రం చేసి, గోరువెచ్చని నూనెలో నానబెట్టి మళ్ళీ కట్టి ఇచ్చారు. ఆ పని పూర్తయ్యేదాకా చెవులు బోసిగా ఉంచుకోకూడదని మా అత్తగారు పట్టుబట్టి తన పాత బంగారు దిద్దులు ఇచ్చారు, పెళ్ళికి వాటితోనే వెళ్ళాను. పచ్చలు తిరిగి వచ్చాక చూస్తే, రాళ్ళ ఖరీదుతో పోలిస్తే లెక్కలోకి రానంత మజూరీకి ఆ గీత దాదాపు మాయమైంది. దాదాపు అనే అంటున్నాను, ఎందుకంటే ట్యూబులైటు కింద తల ఒక పక్కకు వాల్చి అద్దంలో చూసుకుంటే నాకు ఇంకా కనిపిస్తుంది. ఇతరులకు కనిపించదంటారు. నూనె కాలక్రమేణా ఎండుతుంది కనుక కొన్నేళ్ళకు మళ్ళీ పట్టించవలసి రావచ్చునని ఆయనే చెప్పారు.

ఓపెన్ సెట్టింగును పైన మెచ్చుకున్నాను గానీ, తలకు రాసుకునే కొబ్బరి నూనె, పౌడరు, సబ్బు జిడ్డు పేరుకునేది కూడా ఆ తెరిచిన వెనుక భాగంలోనే. ఇప్పుడు తలంటుకు ముందే తీసి పక్కన పెడుతున్నాను. బంగారానికి మేలు చేసే కుంకుడుకాయ వేడి నీళ్ళలో పచ్చలను నానబెట్టను. మామూలు నీళ్ళు, ఒక చుక్క మెత్తని సబ్బు, పిల్లల పళ్ళ బ్రష్షు, వెంటనే పొడిగుడ్డ, అంతకు మించి ఏమీ వాడడం లేదు. గోళ్ళ రంగు తుడిచే ద్రవంలో ఉండే అసిటోన్ ఈ నూనెను కరిగిస్తుంది కాబట్టి ఆ సీసా తెరిచినప్పుడు దుద్దులు పెట్టెలోనే ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్ వేడి విషయంలోనూ అంతే.

ఇన్ని జాగ్రత్తలు పడి మళ్ళీ పచ్చలే కొంటారా అని అడిగితే, నా వరకు సమాధానం సందర్భాన్ని బట్టి ఉంటుంది. నేను రోజూ స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్ళే మనిషిని, హెల్మెట్ పెట్టినా తీసినా దాని పట్టీ దుద్దులకు తగులుతుంది. గీతలను తట్టుకునే శక్తిని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో పచ్చ గట్టిదనం 7.5 నుంచి 8 దాకా ఉన్నా, అది గీతలు పడకుండా కాపాడేదే తప్ప, లోపల పగుళ్ళున్న రాయిని దెబ్బ నుంచి కాపాడేది కాదు. అందుకే మామూలు రోజుల్లో వాటిని పెట్టుకోవడం మానేశాను. పెళ్ళిళ్ళకూ పండుగలకూ మాత్రమే తీసేవారైతే ఈ దిగుళ్ళలో సగం వారికి ఉండవు. కొత్తగా కొనేవారు మాత్రం రాయిలో నింపిన నూనె స్వల్పమా, మధ్యస్థమా, అధికమా అని రాసి ఇచ్చే ప్రయోగశాల నివేదిక అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంకేతం) ముద్ర లేని హాల్‌మార్క్ బంగారు నగ అమ్మడానికి వీల్లేదు గానీ, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే ఆ ముద్ర చెప్పేది బంగారం గురించే. మా చెల్లెలు ఇప్పుడు కెంపుల కమ్మలు చూస్తోంది. పగుళ్ళలో సీసం కలిపిన గాజు నింపిన కెంపులు బజారులో చాలా ఉన్నాయి, నిమ్మరసం తగిలినా ఆ గాజు పాడవుతుంది, కాబట్టి దుకాణంలో తను అడగవలసింది నూనె గురించి కాదు, గాజు గురించి.